నీళ్ళెన్ని మెట్లు?

1వ రోజు

ఒడి కచేరీ వాళ్ళు ఇచ్చిన పుస్తకం ఇది. అట్ట మీద "సాకుడు పుస్తకం" అని అచ్చు, దాని కింద నా పేరు: ఓబులేసు, ఎండచేను మెకానిక్, కుందుర్పి మెట్ట. దళంలోకి పిలుపొచ్చిన తల్లిగానీ తండ్రిగానీ బిడ్డను ఎవరి ఒడిలో పెట్టి వెళితే వాళ్ళు రోజూ ఇందులో రాయాలి. చేత్తోనే రాయాలి, యంత్రానికి చెప్పి రాయించకూడదు. రాసింది కొట్టెయ్యకూడదు. నేను చేత్తో రాసి పన్నెండేళ్ళయింది. నా అక్షరాలు కోళ్ళు కెలికినట్టున్నాయి. చదివేవాళ్ళ ఖర్మ.

రోజుకు మూడు ప్రశ్నలు. ఏం తిన్నది? నిద్ర పోయిందా? వెళ్ళినవారిని అడిగిందా: అవును, లేదు.

ఆ మూడోదానితోనే వచ్చింది చిక్కంతా. చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక నియమం ఉంది. మొదటి అరవై రోజులూ వరసగా "లేదు" వస్తే బిడ్డ కొత్త ఒడికి అలవాటు పడినట్టే లెక్క. అప్పుడు ఒడి స్థిరం. అంటే పైడి ఇక నా దగ్గరే పెరుగుతుంది. కుదురుకున్న పిల్లల్ని మళ్ళీ పెరికి తీసుకుపోకూడదని ఎవరో దయగల మనిషి పెట్టించిన నియమమట. ఎవరో గానీ, ఆ మనిషి చల్లగా ఉండాలి.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు ఆ అరవై "లేదు"లు కావాలి. నూకరత్నం, నేను విడిపోయినప్పుడు పైడికి రెండేళ్ళు. ఇప్పుడు ఏడు. నడుమ ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజుల చొప్పున చూసుకున్నాను. నా కూతురికి నా ముఖం కంటే రైల్లో టికెట్టు చూసేవాడి ముఖమే ఎక్కువ తెలుసు.

ఈరోజు గుంతకల్లు స్టేషన్‌లో అప్పగింత. నూకరత్నం గోడదళం యూనిఫాంలో వచ్చింది. నూట యాభై రోజులు తూర్పు గోడ మీద కాపలా. గోడ మీద ఉన్నన్నాళ్ళూ ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. ఎవరు ఏ బురుజులో ఉన్నారో శత్రువుల ఓడలు వింటాయట. బిడ్డ చెయ్యి నా చేతిలో పెట్టి, "జడ మూడు పాయలెయ్యి. చేపలో ముల్లు అదే తీసుకుంటాది, నువ్వు కంగారు పడకు" అంది. ఇంకేమైనా చెప్తుందేమోనని చూశాను. బిడ్డను ముద్దు కూడా పెట్టుకోలేదు. నెత్తి మీద ఒకసారి చెయ్యి వేసి, వెనక్కి చూడకుండా రైలెక్కింది. ఆమె ఏడవలేదు, పైడి ఏడవలేదు. గుడ్డల సంచి పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఏడ్చిందల్లా నేనే.

తిండి: అరటిపండు, బిస్కెట్లు. నిద్ర: పోయింది. అడిగిందా: లేదు.

2వ రోజు

కళ్ళు నులుముకుంటూ లేచి పైడి అడిగిన మొదటి మాట, "నీళ్ళెన్ని మెట్లు?"

"ఏ నీళ్ళమ్మా?"

"గోడ కాడ."

తూర్పు గోడకు సముద్రం వైపు ఇరవై మెట్లున్నాయి. అలలు ఎన్ని మెట్లు ఎక్కాయో రోజూ పొద్దున రేడియోలో చెప్తారు. తీరంలో వింటారేమో. ఆ గోడకు వందల కిలోమీటర్ల దూరంలో మాకెందుకు? మాకు కావలసింది ఎండ ఎన్ని గీతలో. చేను గేటు దగ్గర బోర్డు మీద ఎర్ర గీతలు వెలుగుతాయి. ఆరు గీతలైతే నెత్తిన నీడ పట్టే గొడుగుబండి లేకుండా లోపలికి పోకూడదు. తొమ్మిదైతే ఎవరూ అడుగే పెట్టకూడదు. అద్దాలు తుడిచేవాళ్ళూ, నాలాగా వాటిని బిగించేవాళ్ళూ ఆ గీతలు చూసే చెప్పులు వేసుకుంటారు.

"ఆ నీళ్ళు మనకెందుకమ్మా, బిందెలోకి వస్తే చాలు" అన్నాను. పిల్ల నవ్వలేదు. కంచం ముందుకు రాలేదు. క్యాంటీన్‌కు పోయి అడిగి వచ్చేదాకా గడపలో నిలబడే ఉంది. ఈ మెట్ట మీద రేడియో ఉన్నది క్యాంటీన్ మద్దిలేటి దగ్గరే.

"ఏమప్పా ఓబులేసూ, పడవేమన్నా కొన్యావా ఏంది?" అన్నాడు వాడు.

ఏడు మెట్లు. ఆ మాట చెప్పగానే వెళ్ళి కంచం ముందుకు లాక్కుంది. రాగి ముద్దను వేలితో పొడిచి, "ఇది బంతేటి?" అంది. బంతి కాదమ్మా, సంగటి. మీ తాతలు దీన్ని తిని కొండలు పిండిచేశారు.

తిండి: సంగటి కొంచెం, బెల్లం ఎక్కువ. నిద్ర: పోయింది. అడిగిందా: లేదు.

6వ రోజు

స్పానర్లు పట్టుకునే చేతికి జడ పాయలు దొరకవు. మొదటి రోజు వేసింది చూసి మద్దిలేటి "ఏందిది, ఎద్దు పగ్గమా?" అన్నాడు. ఈరోజు వేసింది మాత్రం సాయంత్రం దాకా నిలిచింది. పైడి అద్దంలో చూసుకుని, "పరవాలేదు" అంది. నాకు ప్రమోషన్ వచ్చినంత సంబరంగా ఉంది.

తలుపు వెనక గోడ మీద సుద్దతో ఇరవై గీతలు గీసింది. రోజూ రేడియో చెప్పినన్ని గీతల దాకా నీళ్ళు గీస్తుంది, మర్నాడు తుడుస్తుంది. మొన్ననే సున్నం కొట్టించిన గోడ. తిట్టబోయాను. మెడ తిప్పి చూసింది. నోట్లో తిట్టు నోట్లోనే ఆగిపోయింది. అచ్చం నూకరత్నం చూపు.

నీళ్ళ పంచాయితీ రోజూ ఉంది. ఈరోజు ఆరు మెట్లు.

తిండి: అన్నం, గుడ్డు. నిద్ర: పోయింది. అడిగిందా: లేదు. ఆరు.

15వ రోజు

పొద్దున నీళ్ళు అడిగింది. ఎనిమిది. పిల్లకు ఇదొక పిచ్చి. పిల్లలకు ఏదో ఒక పిచ్చి ఉంటుందిలే. ఈ వయసులో నేను సైకిలు బెల్లులు దొంగిలించేవాణ్ణి.

పనికి వెంట తీసుకెళ్ళాను. మూడు గీతలే కాబట్టి చేలో తిప్పాను. కనుచూపు మేర అద్దాలు, పొద్దు ఎటు తిరిగితే అటు మెడలు తిప్పుతాయి. "ఇయ్యన్నీ నువ్వే తిప్పుతావేటి?" అంది. అవునని చెప్పాను. అబద్ధమే. ఒక తండ్రికి ఆ మాత్రం అబద్ధం చెల్లుతుంది.

ఇంకా నన్ను ఏమనీ పిలవడం లేదు. "ఇదిగో", "సూడు" అంటుంది. నాయనా అనిపించుకోవాలని ఉంది నాకు. తొందరేముంది?

అడిగిందా: లేదు. పదిహేను.

24వ రోజు

పొద్దున నీళ్ళు. ఏడు.

ఒక మాట రాయాలి. ఈ "లేదు" రాసేటప్పుడు మొదట్లో సంతోషంగా ఉండేది. ఈమధ్య ఏదో గుచ్చుకుంటోంది. ఏడేళ్ళ పిల్ల. తల్లిని ఒక్కసారైనా తలవదా? నిద్రలోనైనా అమ్మా అనదా? జ్వరం వచ్చినప్పుడు నలభై ఏళ్ళవాణ్ణి, నేనే అంటాను. నూకరత్నం నన్ను మరిచిపోయిందంటే అర్థముంది, నేను మరిచిపోదగ్గ పనులే చేశాను. ఆమెను బిడ్డ ఇంత తేలిగ్గా ఎట్లా మరిచింది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇంకో గొంతు అంటుంది: నీకెందుకురా, వచ్చే ఒడిని రానియ్యి.

తిండి: బాగా. అడిగిందా: లేదు. ఇరవై నాలుగు.

33వ రోజు

తప్పు నాదే. ఎనిమిది గీతలప్పుడు లోపలికి పోయాను, ఒక్క బోల్టే కదా అని. బిగించి తలెత్తేసరికి తొమ్మిదయింది. గేటు దాకా వచ్చి కూలబడ్డాను. మద్దిలేటి బండిలో వేసుకొచ్చి ఇంట్లో పడేశాడు.

కళ్ళు తెరిస్తే నెత్తి మీద తడిగుడ్డ. పైడి చెంబులో ముంచడం, పిండడం, పెట్టడం. ఎన్నిసార్లు చేసిందో, కింద మడుగు కట్టింది.

"ఎండ ఎన్ని గీతలైతే ఎల్లకూడదు?" అని అడిగింది.

"తొమ్మిది."

"మరెందుకెల్లావు?"

తడిగుడ్డ నేనే సర్దుకున్నాను. ఆ ఒక్క రోజే నీళ్ళ సంగతి మధ్యాహ్నం దాకా అడగలేదు. తర్వాత తనే క్యాంటీన్‌కు పరిగెత్తి కనుక్కొచ్చింది.

తిండి: ఇద్దరం మజ్జిగన్నం. అడిగిందా: లేదు.

43వ రోజు

క్యాంటీన్ రేడియో పాడైంది. "అనంతపురం నుంచి సామాను రావాలప్పా" అంటాడు మద్దిలేటి. అవతలి గేటు ఫోరుమన్ దగ్గర ఇంకోటి ఉందట, కానీ రెండు కిలోమీటర్లు నడవాలి. పొద్దున్నే ఎవడు పోతాడు? "ఏడు మెట్లు" అని చెప్పేశాను. కంచం లాక్కుని తిన్నది. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేవాణ్ణి.

అడిగిందా: లేదు. నలభై మూడు. ఇంకా పదిహేడు.

49వ రోజు

ఏడు, ఎనిమిది, ఆరు, ఏడు. నోటికొచ్చింది చెప్తున్నాను. తలుపు వెనక బొమ్మలో నీళ్ళు నా నోటి మాటకు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి.

అడిగిందా: లేదు.

52వ రోజు

పొద్దున్నే పని ఎక్కువ. మోటారు కాలింది, పైవాళ్ళు అరుస్తున్నారు. పైడి చొక్కా పట్టుకుని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, "నీళ్ళెన్ని మెట్లు? నీళ్ళెన్ని మెట్లు?"

"పద్దెనిమిది! పో!" అన్నాను.

పోలేదు. చొక్కా వదిలేసి అట్లాగే నిలబడింది. సాయంత్రం ఇంటికొస్తే పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. గడపలో తూర్పుకు తిరిగి కూర్చుని ఉంది. ఎంత బతిమాలినా లోపలికి రాదు. మొండిఘటం. తల్లి పోలికే.

తిండి: లేదు. నిద్ర: లేదు. అడిగిందా: లేదు. యాభై రెండు.

53వ రోజు

ఒళ్ళు కాలిపోతోంది. నీళ్ళు అడగలేదు. మొదటిసారి. గంజి నోట్లో పోస్తే పక్కకు కార్చేసింది. తలుపు వెనక పద్దెనిమిదో గీత దాకా సుద్ద పామి ఉంది. చెయ్యి అందనంత ఎత్తు, స్టూలు ఎక్కి ఉంటుంది.

మాత్ర వేశాను. నాకేమీ అర్థం కావడం లేదు.

అడిగిందా: లేదు.

54వ రోజు

నెలకోసారి సరుకుల రైల్లో తీరం నుంచి సోములమ్మ వస్తుంది, ఎండుచేపల గంపతో. పైడి ఎండుచేప కోసమైనా నోరు తెరుస్తుందేమోనని ఇంటికి పిలిచాను. ఆమె గంప దించి మంచం వంక చూసింది.

"ఏటి బావూ, పిల్ల మొకం అలాగైపోనాది?"

పైడి లేచి కూర్చుంది. రెండు రోజుల తర్వాత పెదవి విప్పింది. "నీళ్ళెన్ని మెట్లు?"

నేను తల పట్టుకున్నాను. సోములమ్మ మాత్రం నవ్వలేదు. మంచం పక్కన కూలబడి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"ఏడు మెట్లే తల్లీ. నిన్న ఏడే, మొన్నా ఏడే. గోడ గట్టిగుంది. అందరూ గట్టిగున్నారు. నేను సూసే వచ్చినాను."

"పద్దెనిమిది కాదా?"

"ఎవలు సెప్పేరమ్మా పద్దెనిమిదని? సచ్చినోడెవడు?"

పైడి నా వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. గంజి గిన్నె తనే అందుకుని గటగటా తాగింది. అప్పుడు మొదలుపెట్టింది ఏడవడం. గుక్కపట్టి, ఎక్కిళ్ళు పెట్టి, యాభై నాలుగు రోజుల ఏడుపు. సోములమ్మ భుజం తడిసిపోయింది. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది.

ఆమె నన్ను వాకిట్లోకి పిలిచింది. "ఈ పిల్ల మనిషి గోడ మీదున్నారు, అవునా?"

"అవునక్కా. వాళ్ళమ్మ."

"ఊరుకో! ఆ మాటనకు." నా నోటి మీద చెయ్యి పెట్టినంత పని చేసింది. "గోడెక్కినోల పేరెత్తకూడదు బావూ. వరస పెట్టీ పిలవకూడదు. ఎల్లీటప్పుడు ముద్దెట్టకూడదు, ఎనక్కి సూడకూడదు. మన కళ్ళ ముందర నేల మీద అడుగెట్టీదాకా అంతే. పేరెత్తితే సముద్రం ఇంటాది. అందికే నీళ్ళడుగుతాం. నీళ్ళు తక్కువున్నాయంటే మనోలు బాగున్నట్టు. పద్దెనిమిదంటే ఏటో తెలుసా నీకు? పదిహేను దాటితేనే గోడ మీదోళ్ళు నడుముకి తాడు కట్టుకుని గోడకి ముడేసుకుంటారు. ఆ పిల్ల రెండ్రోజులు అలాగే సూస్తా కూకుంది."

గోడ కట్టుబడికి పోయి అక్కడ మూడేళ్ళు బతికినవాణ్ణి నేను. అప్పటికి దాని మీద కాపలా లేదు. కానీ నాకు పిల్లనిచ్చిన మామ పడవ మీద వేటకు పోయినప్పుడు మా అత్త గడపలో కూర్చుని పోయేవాణ్ణీ వచ్చేవాణ్ణీ అడిగేది, "గాలి ఎటుంది? గాలి ఎటుంది?" అని. ఈమెకు గాలి పిచ్చి అని నేను మెట్టవాళ్ళ దగ్గర నవ్వేవాణ్ణి. మామ ఒడ్డుకు వచ్చాక ఒక్కరోజు కూడా ఆమె గాలి సంగతి అడగలేదు. ఆ మాట ఇన్నేళ్ళకు ఇప్పుడు గుర్తొచ్చింది.

స్టేషన్‌లో ముద్దెందుకు పెట్టలేదో, ఎందుకు వెనక్కి చూడలేదో కూడా ఇప్పుడు తెలిసింది. యూనిఫాం వేసుకున్న క్షణం నుంచే ఆ కట్టుబాటు మొదలైందన్నమాట.

తిండి: గంజి, ఎండుచేప. నిద్ర: పోయింది. అడిగిందా:

ఇక్కడ ఏం రాయాలో తెలియక గంట కూర్చున్నాను. లేదు అని రాశాను. నేను మంచివాణ్ణని ఎవరూ అనుకోవద్దు.

56వ రోజు

ఇంకా నాలుగు రోజులు. సోములమ్మ రైలెక్కి వెళ్ళిపోయింది. ఈ మెట్ట మీద ఆ కట్టుబాటు తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ నా కూతురూ. కచేరీవాళ్ళు లెక్కలోకి తీసుకునేది ఆ మూడో జవాబు ఒక్కటే. పుస్తకంలో పైడి ఒక్కసారి కూడా అమ్మా అని అడగలేదు. అది నిజమే కదా? అక్షరం అక్షరం నిజం.

ఫోరుమన్ దగ్గరకు రోజూ రెండు కిలోమీటర్లు నడిచి వెళ్ళి అసలు సంఖ్య తెస్తున్నాను. ఈరోజు ఎనిమిది.

అడిగిందా: లేదు. యాభై ఆరు.

58వ రోజు

పొద్దున ఫోరుమన్ దగ్గర్నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చి, "ఏడు మెట్లమ్మా" అన్నాను. పైడి కంచం లాక్కోలేదు. చెప్పులు వేసుకుంది.

"యాడికి పోతాండావు?"

"ఫోరుమన్ మామనడుగుతాను."

"నేను అడిగే వస్తాండా గదా. ఏడే."

నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, అలక లేదు. అంగట్లో చిల్లర సరిచూసుకునేవాళ్ళ చూపు. చూసి, గడప దాటి వెళ్ళిపోయింది. రెండు కిలోమీటర్లు పోను, రెండు కిలోమీటర్లు రాను. నేను వెనకాలే నడిచాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగొచ్చి తలుపు వెనక ఏడు గీతలు నింపి, అప్పుడు తిన్నది.

ఇదీ నేను గెలవబోయే ఒడి. నా మాట నమ్మని బిడ్డ, నా ఇంట్లో, శాశ్వతంగా. థూ.

59వ రోజు

పైడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. "నేను పది రోజులు అబద్ధం చెప్పినానమ్మా. రేడియో పాడైందని చెప్పలా. నోటికొచ్చింది చెప్పినా. పద్దెనిమిదీ అబద్ధమే. నాకు ఆ కట్టుబాటు తెలీదు. తెలిసినా తెలీకపోయినా అబద్ధం అబద్ధమే. తప్పయింది."

చాలాసేపు కాలిబొటనవేలితో నేల గీసింది. "మల్లీ సెప్పవు గదా?"

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

"సరే" అంది. పిల్లలు సరే అంటే సరే. పెద్దవాళ్ళ సరేలో ఉండే మెలికలు వాళ్ళకు రావు. నాకు వచ్చిన ఏడుపు దాచుకోలేదు.

రాసింది కొట్టెయ్యకూడదు. కానీ కచేరీ ముద్ర పడేలోగా అంచున వివరణ రాయవచ్చని నియమాల్లో ఉంది. రెండో రోజు నుంచి మొదలుపెట్టాను. "నీళ్ళెన్ని మెట్లు అని అడిగింది. తల్లిని అడిగినట్టే. అవును." తర్వాతి పేజీ. మళ్ళీ అదే. యాభై మూడో రోజు అంచున, "భయంతో అడగలేకపోయింది. దానికి కారణం నేను. అవును." ముప్పై మూడో రోజు అంచున, "నాకోసం మధ్యాహ్నం దాకా ఆగి, అప్పుడు అడిగింది. అవును." అన్నీ పూర్తయ్యేసరికి మధ్యవేలు కాయ కాసింది.

నీళ్ళు: తొమ్మిది. అడిగిందా: అవును.

60వ రోజు

ఒడి అధికారి ఖాసింబీ వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, నడుం పట్టిన మనిషి. సుద్ద గీతల గోడ పక్కనే కుర్చీ వేసుకుని పేజీ పేజీ తిరగేశారు. నేను టీ పెట్టాను. చల్లారింది. ఇంకోటి పెట్టాను. అదీ చల్లారింది.

"అన్నీ లేదులే రాసినావు. నిన్న కూర్చుని అంచున అన్నీ అవునులు రాసినావు. అంతేనా?"

"అంతే మేడం."

"ఇట్ల రాస్తే ఒడి నీకు రాదు. తెలుసు గదా? ఇంగ మళ్ళీ అడిగే హక్కు గూడా ఉండదు."

"తెలుసు."

"పది రోజులు బిడ్డకు అబద్ధం చెప్పినట్టు గూడా నువ్వే రాసినావు. ఎవురన్నా రాసుకుంటారా అట్ల?"

"కొట్టెయ్యకూడదన్నారు గదా మేడం."

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. పైడిని దగ్గరికి పిలిచి, "ఈరోజు నీళ్ళెన్ని మెట్లమ్మా?" అని అడిగారు. "ఎనిమిది" అంది పైడి, సాటి మనిషి దొరికినట్టు. ఖాసింబీ పుస్తకం మీద ముద్ర వేశారు: ఒడి తాత్కాలికం. తల్లి దిగిరాగానే బిడ్డను అప్పగించాలి. నేను సంతకం చేశాను. చల్లారిన టీ ఆమె ఒక్క గుక్కలో తాగేశారు.

బాధ లేదని రాస్తే ఇంకో అబద్ధం అవుతుంది. రాత పని అయ్యాక వాకిట్లో కూర్చుంటే పైడి వచ్చి పక్కన కూర్చుంది.

"ఆకలేస్తంది నాయనా. సంగటెట్టు."

నాయనా అంది. ఎవరూ అడక్కుండా, తనంతట తనే.

97వ రోజు

తుఫాను. పొద్దున పధ్నాలుగు. మధ్యాహ్నం పదహారు. పని మానేసి ఇద్దరం మద్దిలేటి క్యాంటీన్‌లో, బాగుచేసిన రేడియో ముందు కూర్చున్నాం. సాయంత్రానికి పదిహేడు. పద్దెనిమిదని చెప్పాల్సి వస్తుందేమోనని భయమేసింది. ఒట్టు వేశాను. చెప్పక తప్పదు.

మద్దిలేటి ఇంతకు ముందులా ఎగతాళి చెయ్యలేదు. బోండాలు వేసి మా ముందు పెట్టి, వాడూ కూర్చున్నాడు. ఇక్కడ గోడ మీదున్న మనిషి పేరు రాయబోయి ఆగాను. నలభై రోజులుగా ఈ పుస్తకంలో ఆ పేరు రాయడం లేదు నేను. సముద్రం వింటుందని నమ్మి కాదు. నమ్మకుండా కూడా కాదు.

పదహారు. పదిహేను. పైడి నా ఒళ్ళోనే బోండా పట్టుకుని నిద్రపోయింది.

అడిగిందా: అవును. ఇద్దరం.

150వ రోజు

గుంతకల్లు స్టేషన్. జడ మూడు పాయలు, ఎద్దు పగ్గంలా లేదు. రైలు ఆగింది. మెట్టు మీద యూనిఫాం కనపడింది. పైడి పరిగెత్తలేదు, నా వేలు పట్టుకుని ఆమె కాళ్ళ వంకే చూస్తూ నిలబడింది. ఒక బూటు ప్లాట్‌ఫారం మీద పడింది. రెండోది పడింది.

"అమ్మా!"

ఆ కేకకు పోర్టర్లు కూడా తిరిగి చూశారు. నూట యాభై రోజుల అమ్మ ఒకేసారి బయటికొచ్చింది. నూకరత్నం (ఇప్పుడు రాయొచ్చు) మోకాళ్ళ మీద కూలబడి బిడ్డను హత్తుకుంది. నడుం చుట్టూ బెల్టు కింద తాడు రాసుకున్న ఎర్రటి మచ్చ కనిపించింది. నేను చూపు తిప్పుకున్నాను.

తీరం రైలు ఎక్కేముందు ఈ పుస్తకం ఆమె చేతికిచ్చాను. చదివి, కచేరీకి నకలు పంపి, పుస్తకం నాకు తిప్పి పంపుతానంది. ఎందుకో అడగలేదు. పైడి కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. ముద్దు పెట్టలేదు, నాయనా అని కూడా పిలవలేదు. నాకు కొంచెం చివుక్కుమంది.

చివరి పేజీ

పుస్తకం తిరిగొచ్చింది. ఇంకొక్క పేజీ ఖాళీగా ఉంది. రాయాల్సిన అవసరం లేదు, ఒడి గడువు ఎప్పుడో ముగిసింది. కానీ ఈరోజు రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పొద్దున నూకరత్నం ఫోన్ చేసింది. విడాకులయ్యాక ఆమె తనంతట తను చెయ్యడం ఇదే మొదలు.

"పిల్లకేటి నేర్పినావు నువ్వు? అయిదు రోజులనించి లెగిస్తే ఒకటే గోల. ఎండ ఎన్ని గీతలు, ఎండ ఎన్ని గీతలు అని పేణం తీసేస్తంది. ఈయేళ సెప్పీదాకా కంచం ముట్టనంటంది. ఇక్కడ నాకెలాగ తెలుస్తాది మీ ఎండ?"

ఆమె గొంతు తగ్గింది.

"నిజం గీతలే సెప్పు. మరేటీ సెప్పకు."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గేటు దాకా నడిచాను. బోర్డు చూశాను. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను.

"ఆరు. గొడుగుబండి తీసుకోనే పోతాండానని చెప్పు."

అవతల ఆమె చెప్పడం వినిపించింది. తర్వాత కంచం ముందుకు లాక్కున్న చప్పుడు.

తిండి: చేపే అయి ఉంటుంది. నిద్ర: పోయిందట. వెళ్ళినవారిని అడిగిందా: అవును.